అబ్బా నోట్ల మిగిలిన అజాన్

మా నాయినను మేం అబ్బా అని పిలుస్తం. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తడు. మెదక్ల మా గల్లీ మూలకున్న చిన్న మసీదుల అజాన్ ఇచ్చేది గూడ ఆయనే. నమాజుకు టైమయింది రాండ్రని రోజుకు ఐదుసార్లు జనాన్ని పిలిచే పిలుపది. ఆ పనికి ఆయన్ని ఎవరూ ఏరికోరి పెట్టలె. నాకు ఆరేండ్లున్నప్పుడు, అంతకుముందు అజాన్ ఇచ్చే ముసలాయనకు కండ్లు మసకబారి బిడ్డ ఇంటికి పోయిండు. ఇమాం సాబ్ మా అబ్బాను పిలిచి, రెండు రోజులు నువ్వు చూసుకో, ఈలోపల ఎవరన్న దొరుకుతరు అన్నడట. తర్వాత ఎవరూ ఎవర్నీ ఎతకలె. అబ్బా గూడ అడగలె. ఆ రెండు రోజులు ముప్పై ఏండ్లు దాటినయి.

గొంతు గొప్పదేం గాదు. జర ముక్కుతోని వచ్చినట్టుంటది. మైకు పాడైన రోజులల్ల గల్లీ దాటి వినపడకపోతుండె. గనీ టైము మాత్రం తప్పకపోతుండె. మా పక్కింట్ల ఒక పెద్దమ్మ ఉంటది. తెల్లారి లేచి తులసికి నీళ్లు పోసుకునే మనిషి. మధ్యాహ్నం అజాన్ వినపడ్డంక పొయ్యి మీద బియ్యం పెడితే, పెద్దనాయిన బజార్లకెళ్లి వచ్చేవరకు అన్నం అవుతదని ఆమె లెక్క. ఇంట్ల గడియారం ఉన్నా దాని దిక్కు చూడకపోతుండె.

అబ్బా బతుకంతా ఆ ఐదు టైముల నడుమనే నడిచింది. పొద్దున మోపెడ్ మీద సంచి ఏసుకొని ఊర్లకు పోతుండె. ఒకరోజు కుల్చారం, ఒకరోజు టేక్మాల్, ఇంకోరోజు ఎల్దుర్తి. ఎక్కడున్నా పన్నెండుకు పావుగంట ముందు గడియారం చూసి, పానాలు సంచిల ఏసుకొని లేస్తుండె. మిషను సగం ఇప్పి ఉంటే, రేపొచ్చి బిగిస్తనని చెప్పి వస్తుండె, మల్ల రేపు పోతుండె. మధ్యాహ్నం తర్వాత మెదక్లున్న మిషన్లే చూస్తుండె.

చిన్నప్పుడు నాకిది మస్తు కోపం తెప్పిస్తుండె. నేను వాళ్లకు ఒక్కదాన్నే. సుట్టాల పెండ్లిండ్లకు అమ్మీ, నేను పోతుంటిమి, అబ్బా రాకపోతుండె. ఒక్కసారి పోరు పెట్టంగ పెట్టంగ హైదరాబాద్ జూకు తీసుకపోయిండు. మిగిలిన అజాన్లు ఇమాం సాబ్‌కు ఒప్పజెప్పిండు గనీ, పొద్దుగూకేది మాత్రం నేనే ఇస్తనని మాట ఇచ్చిండట. అందుకని కోతులు, పక్షులు, ఒక్క పులిని చూసేటాలకు బస్సు టైమయింది. ఏనుగు అటు దిక్కుందని బోర్డు ఉండె. నేను బోర్డు కాడ నిలబడి ఏడ్చిన. బస్సుల అబ్బా నాకు ఏనుగు ఎట్ల నడుస్తదో, తొండం ఎట్ల ఊపుతదో సీట్ల కూసోనే చేసి చూపించిండు. ముందు సీట్లోళ్లు తిరిగి చూసి నవ్విండ్రు. నేను ఏడుసుడు ఆపి నవ్విన గనీ, కోపం మాత్రం పోలె.

అసలు కోపం పదో తరగతిల వచ్చింది. హైదరాబాద్ బయట బట్టలు కుట్టే కంపెనీ ఒకటి అబ్బాకు కబురు పెట్టింది. వందల మిషన్లున్నయట, ఉండనీకె క్వార్టర్ గూడ ఇస్తమన్నరట. నేను ఆడ కాలేజీల చదువుకుంటనని స్నేహితులకు అప్పుడే చెప్పేసిన. అబ్బా మూడో రోజు పోయి రానని చెప్పొచ్చిండు. అమ్మీ గొడవ పెట్టుకోలె గనీ, ఆడ మసీదులు లేవా, ఆడ ఇయ్యరాదా అజాన్ అని అడిగింది.

"ఆడ ఇచ్చేటోళ్లున్నరు. ఈడ నన్ను చూసుకోమన్నరు" అన్నడు అబ్బా. అంతే.

నేను మూడు రోజులు ఆయనతోని మాట్లాడలె. ఆ మూడు రోజులూ ఆయన మాత్రం నేను స్కూలుకు పొయ్యేముందు నా సైకిల్ల గాలి చూసి పెడుతుండె. మెదక్లనే ఇంటర్ చదివిన, అబ్బా దగ్గరనే మిషను నేర్చుకున్న, జాకెట్లు కుట్టుడు మొదలుపెట్టిన.

నా పెండ్లి రోజు గూడ ఆయన మారలె. వియ్యంకుల పక్కన, తిండికి పరిచిన దస్తర్‌ఖాన్ మీద కూసోని అన్నం కలుపుతుండు. అప్పటికే అసర్‌కు, అదే సాయంత్రం అజాన్‌కు, టైమయితుంది. చెయ్యి కడుక్కొని, జర మాఫ్ చేయుండ్రి, ఇప్పుడే వస్తనని లేచిపోయిండు. అమ్మీ సిగ్గుతోని తలకాయ దించుకుంది. మా అత్త మాత్రం పక్కామెతోని, ఇందుకే ఈ ఇంటి పిల్లను కోడలుగ తెచ్చుకుంటున్న, మాట మీద నిలబడ్తది అన్నదట. ఆ మాట నాకు చాన రోజులకు తెలిసింది. అప్పటిదాంక నన్ను చూసి చేసుకున్నరనే అనుకున్న.

నా అత్తగారిల్లు రెండు గల్లీలవతలనే. నా భర్త ఆటో నడుపుతడు. ఇద్దరు ఆడపిల్లలు. అబ్బా అజాన్ మా ఇంట్లకు గూడ వినపడుతది. నేను ఒకపూట నమాజు చదివి, ఒకపూట మిషను మీదనే ఉండిపోయేదాన్ని. ఆ పిలుపును ఫ్యాను సప్పుడు లెక్క వింటుంటి.

ఇదంతా నడుస్తుండంగ, మూడేండ్ల కింద ఒకరోజు అబ్బా కుల్చారంల ఒక టైలరమ్మ దుకాన్ల మిషను చూస్తుండు. ఆమె దగ్గరికి పదేండ్ల సంది పోతుండె. ఆ రోజు ఆమె కాజాలు కుట్టుకుంట గడియారం దిక్కు చూసిందట. పన్నెండు కావస్తుంది. అబ్బా ఇంక లేవలె. ఆయన గూడ గడియారం దిక్కే చూస్తుండట గనీ, కుర్చీల అట్లనే కూసున్నడు. చేతిల పానా లేదు, కింద పడ్డది. ఆమె, "సాబ్, టైమయింది గదా?" అని అడిగితే ఆయన నోరు కదిలింది గనీ మాట రాలె. మూతి ఒక దిక్కు గుంజుకపోయి ఉంది.

ఆమె ఇంకో మాట అనకుంట మొగుణ్ని పిలిచి, ఎదురుంగ వచ్చే జీపును ఆపి అబ్బాను ఎక్కించింది. దారిల మాకు ఫోన్ చేసింది. మేం మెదక్ దవాఖానకు ఉరికినం. ఆడికెల్లి అంబులెన్సుల హైదరాబాద్ తీసుకపోయిండ్రు. మెదడుల నెత్తురు గడ్డ అడ్డంపడ్డదని, ఇంకో రెండు గంటలు ఆలస్యమయితే బతుకుడు కష్టముండెనని ఆడి డాక్టర్ చెప్పిండు. తర్వాత నేను ఆ టైలరమ్మను అడిగిన, అక్కా, నీకు అంత జల్ది ఎట్ల తెలిసిందని. మీ నాయిన పదేండ్లల ఒక్కనాడు గూడ ఆ టైముకు లేవకుంట ఉండలె, లేవలేదంటే ఏదో అయిందని నా మనసుకు తెలిసింది అన్నది. వేరే మనిషయితే జర నడుం వాల్చిండనుకొని నేను నా పని చేసుకుందును అన్నది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు బలహీనమయినయి. మాట పోయింది. మనం అనేది అర్థమయితుంది, ఆయన అనేటందుకు మాత్రం పదం దొరకకపోతుండె. ఏమడిగినా "తా, తా" అంటుండె. తనకు ఆ సప్పుడు వినపడంగనే నోరు మూసుకుంటుండె. నెల తిరిగేటాలకు ఆ "తా" గూడ బందు చేసిండు.

నేను నా కుట్టుమిషను తెచ్చి అబ్బా మంచం పక్కన పెట్టుకున్న. పొద్దున పిల్లలను స్కూలుకు పంపి వచ్చి, ఆడనే కుట్టుకుంట ఆయన్ని చూసుకుంటుంటి. మసీదుల అజాన్ పండ్లమ్మే ఒకాయన ఇస్తుండె. మంచి గొంతు, అబ్బా గొంతు కంటే ఎన్నో రెట్లు మంచిది. అది వినపడంగనే అబ్బా గోడ దిక్కు తిరుగుతుండె. నాకు దేవుడి మీద కోపమొచ్చింది. నీ ఇంటికి జనాన్ని పిలిచిన గొంతునే తీసుకుంటివా అని మనసుల అడిగిన. నాకు అప్పుడు నమాజుల నిలబడబుద్ధి గాలె. అమ్మీకి తెలుసు. ఆమె మాత్రం ఎప్పటి లెక్కనే గురువారం అబ్బా తెల్లటోపీ ఉతికి, శుక్రవారానికి ఇస్త్రీ చేసి మంచం కాడ పెడుతుండె. ఆయన పెట్టుకోకపోతుండె. మల్ల గురువారం ఉతుకుతుండె.

మాటలు పోయినోళ్లకు మాట నేర్పే డాక్టరమ్మ ఒకామె వారానికొకసారి మెదక్ వస్తదని ఎవరో చెప్తే తీసుకపోయినం. చిన్న వయసు పిల్ల. బొమ్మల కార్డులు చూపించి, ఇది గిన్నె, ఇది ఆవు, ఇది చెట్టు అని చెప్పిస్తుండె. అబ్బా మూడు వారాలు ఓపిక పట్టిండు. నాలుగోవారం కార్డులను ఎడమచేత్తోని నెట్టేసిండు. నాకు సిగ్గయింది. ఆమెకు కోపం రాలె. కార్డులు ఏరుకుంట, మీ నాయిన ఇంట్ల ఎట్లుంటరో చెప్పక్కా అన్నది.

నేను చెప్తుండంగ ఒక సంగతి యాదికొచ్చింది. రోజూ చూస్తున్నా పట్టించుకోలె. అజాన్ టైమయినప్పుడల్లా, గోడ దిక్కు తిరిగి పండినా, అబ్బా ఎడమచెయ్యి చిన్నగ లేచి చెవి కాడికి పోతది. అజాన్ ఇచ్చేటాయన చెవుల మీద చేతులు పెట్టుకుంటడు గద, గట్ల. ఇది చెప్పంగనే ఆ డాక్టరమ్మ రాసుకునుడు ఆపి నా మొకం చూసింది.

"ఎన్నేండ్లు ఇచ్చిండు?"

"ముప్పై ఏండ్లు దాటింది. రోజుకు ఐదుసార్లు."

"ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదక్కా" అని నవ్వింది. మాట్లాడే మాట మెదడుల ఒక దిక్కుంటది, రాగంతోని పలికేది, ఏండ్లకేండ్లు అని అని నోటికి వచ్చేసింది ఇంకో దిక్కుంటదని, మీ నాయినకు మొదటి దిక్కే దెబ్బ తగిలిందని చెప్పింది. రేపటికెల్లి కార్డులొద్దు, ఆయన ఎడమచేతి మీద మెల్లగ తట్టుకుంట అజాన్ రాగం తీయుండ్రి, మాట ఆయన్నే అననీయుండ్రి అన్నది.

నాకు భయమయింది. అజాన్‌ను దవాఖాన పనికి వాడుకోవచ్చునా? ఇమాం సాబ్ దగ్గరికి పోయి అడిగిన. ఆయన ముసలోడయిండు, కట్టె పట్టుకొని నడుస్తుండు. అంతా విని, పిల్లలకు నేర్పేటప్పుడు అంటం గదా, ఇది గూడ నేర్పుడే అన్నడు. మల్ల, "ఆ మాటలు మీ అబ్బా ముప్పై ఏండ్లు అల్లాకు ఇచ్చిండు బేటా. అల్లా మల్ల ఆయనకు ఇస్తనంటే అడ్డం చెప్పనీకె మనమెవరం?" అన్నడు.

తెల్లారి పది గంటలకు అబ్బాను మంచం మీద కూసోబెట్టిన. అమ్మీ వంటింట్ల చిక్కుడుకాయలు తుంచుతుంది. నేను ఆయన ఎడమచేతి మీద మెల్లగ తట్టుకుంట, నోరు తెరవకుంట రాగం తీసిన. చిన్నప్పటికెల్లి విన్నదే గనీ, నేను ఎన్నడూ తీయలె. ఒకసారి అయింది, రెండోసారి అయింది. అబ్బా నా మొకమే చూస్తుండు. మూడోసారికి ఆయన చెయ్యి నా చేతిలకెల్లి ఇడిపించుకొని చెవి కాడికి పోయింది. కండ్లు మూసుకున్నడు.

"అల్లాహు అక్బర్" అన్నడు.

ముక్కుతోని వచ్చిన గొంతే. జర వంకరపోయింది గనీ, ఆయన గొంతే. వంటింట్ల పళ్లెం కింద పడ్డది. అమ్మీ గుమ్మం కాడికొచ్చి తలుపు పట్టుకొని నిలబడింది. అబ్బా కండ్లు తెరిచి, తన మాట తనకే వినపడ్డట్టు మమ్ములను చూసి, మల్ల కండ్లు మూసుకొని మిగిలింది అందుకున్నడు. నడుమ రెండుచోట్ల ఆగిండు. నేను రాగం అందిస్తే మల్ల దొరకబట్టిండు. ఆఖరి మాటదాంక అన్నడు. పక్కింటి పెద్దమ్మ పిండి చేతులతోని ఉరికొచ్చి, తమ్ముడు మాట్లాడుతుండా అని అడిగి, నేను జవాబు చెప్పకముందే ఏడ్చింది. ముగ్గురం ఆడోళ్లం ఏడుస్తుంటే అబ్బా నవ్విండు.

ఆ తర్వాత నెలరోజులు మా ఇంట్ల ఒక విచిత్రం. పొద్దున పది గంటలకు నేర్చుకునేటందుకు కూసుంటే అజాన్ మొత్తం అప్పజెప్తడు, మంచినీళ్లు కావాలని మాత్రం అనరాదు. చాయ్ అడుగుదామని నోరు తెరిస్తే "హయ్యా" అని వస్తది. రాండ్రని పిలిచే మాట అది. అనంగనే తప్పయిందని తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుండె. అమ్మీ చాయ్ గ్లాసు తెచ్చి, వచ్చిన, పిలిచినవు గదా అంటుండె. పెండ్లయిన ఇన్నేండ్లల ఆయన నన్ను ఇన్నిసార్లు ఎన్నడు పిలిచిండు అని నాతోని చెప్పి నవ్వుకుంటుండె.

డాక్టరమ్మ ఆ ఒక్క మాటనే పట్టుకుంది. చేతి మీద తట్టుకుంట, రాగంతోని "హయ్యా" పక్కన "ఆవో" పెట్టించింది, "ఆవో" పక్కన "రా" పెట్టించింది. మా ఇంట్ల ఉర్దూ, గల్లీల తెలుగు. రెండూ కలిసే వచ్చినయి. రా నుంచి చాయ్, చాయ్ నుంచి పానీ, పానీ నుంచి నా పేరు. నా పేరు పలికిన రోజు నేను కుట్టే జాకెట్ చేతి గుడ్డ తిరగేసి కుట్టిన. ఇప్పి మల్ల కుట్టనీకె ఒకపూట పట్టింది.

కుల్చారం టైలరమ్మ సీతాఫలాలు పట్టుకొని చూడనీకె వచ్చింది. మాట ఇంక పూర్తిగ రాలేదని ఆమెకు తెలుసు, అందుకని ఆమెనే ఊర్ల సంగతులు చెప్పుకుంట కూసున్నది. లేవబోయేటప్పుడు అబ్బా ఎడమచెయ్యి ఎత్తి ఆగమన్నడు. మెల్లగ మెల్లగ, తొడ మీద వేలితోని తట్టుకుంట, పదం పదం కూడబలుక్కొని అడిగిండు.

"మిషను... నడుస్తుందా?"

ఆ రోజు సగం ఇప్పి ఇడిసిపెట్టిన మిషను. ఆమె నవ్వుకుంట, ఇంక ఎవర్నీ ముట్టనీయలే సాబ్, నువ్వొచ్చి బిగిస్తవని సంచిల కట్టి పెట్టిన అన్నది. నేర్పించిన మాటలు గాకుంట ఆయన సొంతంగ కూర్చుకున్న మొదటి మాట అదే. ఆయనే పోయి బిగించిండు గూడ. మా ఆయన ఆటోల తీసుకపోయిండు. కుడిచెయ్యి సాతగానికాడ నేను పానా తిప్పిన, ఆయన వేలుతోని చూపించిండు.

మసీదుల మాత్రం అబ్బా అజాన్ ఇస్తననలె. పండ్లాయన గొంతు మంచిగుంది, నాది వంకరపోయింది అన్నడు. నమాజుకు పోయి వెనుక వరుసల కుర్చీల కూసొని వస్తుండె. ఒక శుక్రవారం పండ్లాయననే ఇంటికొచ్చి, ఆ జాగల నిలబడాలంటే నాకు మీరు కనపడుతరు చిచ్చా, మధ్యాహ్నందన్న మీరియ్యుండ్రి అన్నడు. అబ్బా కాదనలేకపోయిండు. అమ్మీ ఇస్త్రీ చేసిన టోపీ తెచ్చి అబ్బా చేతికిచ్చింది.

ఆ మధ్యాహ్నం మైకుల మొదటి మాట వచ్చేటాలకు గల్లీల ఆడోళ్లమంతా గుమ్మాల కాడ ఉన్నం. ఒకచోట గొంతు ఆగింది. నాకు తెలియకుంటనే నా చెయ్యి తలుపు మీద తట్టుడు మొదలుపెట్టింది. ఆయన అందుకున్నడు. అయిపోయేదాంక పక్కింటి పెద్దమ్మ గూడ కొంగు నెత్తి మీద కప్పుకొని నిలబడి, అయినంక లోపలికి పోయి బియ్యం పెట్టింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నంది అబ్బాదే, మిగిలిన నాలుగు పండ్లాయనవి.

నేను మల్ల నమాజు చదువుతున్న. ఎవరూ చెప్పలె. అబ్బా రోజూ అన్న మాటలు, మనసు పెట్టి అన్ననాడూ, అలిసిపోయి అన్ననాడూ, ఒక్కటీ వృథా పోలేదని కండ్లార చూసిన. నేను రోజూ ఏమంటున్న, నా నోట్ల ఏం మిగులుతది అని ఆలోచనొచ్చింది. మొదట్ల ఆ భయంతోనే నిలబడ్డ. ఇప్పుడు ఇష్టంతోనే నిలబడుతున్న.

ఆ డాక్టరమ్మ నన్ను ఇడిసిపెట్టలె. వారానికొకరోజు తనతోని రమ్మన్నది. మాట పోయినోళ్ల ఇండ్లల్ల కూసొని, వీళ్లు రోజూ ఏమంటుండె అని ఇంటోళ్లను అడుగుడు నా పని. జాకెట్లు ఆరు రోజులు, ఇది ఒకరోజు. పోయిన నెల ఎల్దుర్తిల ఒక ముసలమ్మ దగ్గరికి పోయినం. పక్షవాతమొచ్చి ఐదు నెలలయింది, ఒక్క మాట లేదు. కోడలిని అడిగితే, మా అత్త రోజూ పొద్దున దేవుడి కాడ దీపం పెట్టి ఒక భజన పాడుతుండె, పెండ్లయి వచ్చినప్పటికెల్లి వింటున్న అన్నది. నాకు ఆ భజన రాదు. నువ్వు పాడమ్మా, నేను చెయ్యి తడుత అన్న. కోడలు సిగ్గుపడుకుంటనే ఎత్తుకుంది. రెండో వరుసల రాగం ఎటో పోయింది. ముసలమ్మ మొకం చిట్లించింది. కోడలు మల్ల అట్లనే పాడింది. ముసలమ్మ నా చేతిలకెల్లి చెయ్యి గుంజుకొని, కోడలి దిక్కు వేలు చూపించింది.

"గట్ల గాదు" అన్నది.

కోడలు పాడుడు ఆపి నోరు తెరిచి చూస్తుండంగనే, ముసలమ్మ గొంతు సవరించుకొని, సరిగ్గ ఎట్ల పాడాల్నో మొదటికెల్లి మొదలుపెట్టింది.